పగిలిన శాసనం, మిగిలిన కొండలు

సింగపూర్ వెళ్లొచ్చిన తెలుగు కుటుంబాల ఫోన్లలో ఫొటోలు తిరగేస్తే ఆ దేశంలో కొండ అనేదే లేదనిపిస్తుంది. సెంతోసా, యూనివర్సల్ స్టూడియోస్, గార్డెన్స్ బై ద బే, నోట్లోంచి నీళ్లు చిమ్మే మెర్లయన్, చివరి రోజు ముస్తఫాలో షాపింగ్. నాలుగు రోజుల ప్యాకేజీ వీటితోనే నిండిపోతుంది. నది కనిపించినా రాత్రిపూట పడవ షికారులో, దీపాల వెలుగులో కనిపిస్తుంది. అప్పుడు కళ్లన్నీ అద్దాల మేడల మీదే ఉంటాయి. ‘అక్కడ పాతది ఏముంది, అంతా నిన్న మొన్న కట్టిందే కదా’ అనే మాట ఇలాంటి ప్రయాణాల నుంచే పుట్టింది. నా వాదన దానికి పూర్తిగా ఎదురు. సింగపూర్ చరిత్ర తెలుసుకోవాలంటే ముందు దాని గుట్టలెక్కాలి, దాని ఏటి ఒడ్డున నడవాలి. ఎందుకంటే ఆ దేశం తన కొండల్ని తవ్వి, ఆ మట్టితో నీళ్లను పూడ్చుకుంటూ పెరిగింది. అలాంటి చోట ఈనాటికీ నిలిచి ఉన్న ప్రతి కొండ వెనకా ఒక కారణం ఉంటుంది. ఎవరో ఒకరికి, ఏదో ఒక కాలంలో, ఆ కొండతో పని పడింది. ఆ పని ఏమిటో తెలిస్తే కొండను శాసనంలా చదువుకోవచ్చు.

శాసనం అనే మాట ఊరికే వాడలేదు. సింగపూర్ నది సముద్రంలో కలిసే చోట, దక్షిణపు ఒడ్డున, ఒకప్పుడు నిజంగానే ఒక శిలాశాసనం ఉండేది. దాదాపు మూడు మీటర్ల ఎత్తున్న ఇసుకరాతి బండ మీద 50 వరుసల దాకా అక్షరాలు చెక్కి ఉండేవి. 1819లో బ్రిటిష్ అధికారి రాఫిల్స్ అక్కడ వర్తక స్థావరం పెట్టాక అది బయటపడింది. ఏ భాషో, ఏ రాజు వేయించాడో ఎవరూ తేల్చలేకపోయారు. 1843లో నదీముఖాన్ని వెడల్పు చేయడానికి, కోటకూ దాని అధికారి నివాసానికీ చోటు చేయడానికి ఆ బండను మందుపెట్టి పేల్చేశారు. కొన్ని ముక్కల్ని కలకత్తాకు పంపారు. వాటిలో ఒకటి తర్వాతి కాలంలో తిరిగివచ్చి నేషనల్ మ్యూజియంలో ఉంది. దాని మీది అక్షరాల్ని ఈ రోజుకీ ఎవరూ నిర్ద్వంద్వంగా చదవలేదు. ఊరూరా శాసనం ఉన్న నేల నుంచి వెళ్లిన మనకు ఈ నష్టం ఎంతటిదో ఎవరూ చెప్పనక్కర్లేదు. దేశానికున్న అతి పాత రాత అదొక్కటే. దాన్ని పడవల దారి కోసం పిండి చేశారు. మెర్లయన్ ముందు నిలబడి మనవాళ్లు ఫొటోలు దిగేది ఆ చోటికి కూతవేటు దూరంలోనే.

రాతికి జరిగిందే కొండలకూ జరిగింది. ఈనాడు బ్యాంకుల మేడలు నిలబడ్డ రాఫిల్స్ ప్లేస్ దగ్గర 1820లలో ఒక గుట్ట ఉండేది. దాన్ని తవ్వి ఆ మట్టితో నది దక్షిణపు ఒడ్డున ఉన్న చిత్తడిని పూడ్చారు. బోట్ కీ అనే రేవు అలా తయారైంది. 1880లలో తెలోక్ ఆయర్ సముద్రతీరాన్ని పూడ్చడానికి మౌంట్ వాలిచ్ అనే మరో గుట్ట కరిగిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక తూర్పు తీరాన్ని ముందుకు జరపడానికి బెడోక్ వైపు గుట్టలు తవ్వుకుపోయారు. 1960లలో దాదాపు 580 చదరపు కిలోమీటర్లున్న దేశం ఇవాళ 730 దాటింది. ఆ తర్వాత ఇసుకను బయటినుంచి కొనితెచ్చారు గానీ, తొలి విడతల్లో సముద్రంలోకి వెళ్లింది సొంత కొండలే. నాగార్జునకొండ మనకు తెలుసు. అక్కడ నీరు పైకొస్తుంటే లోయలోని విహారాల రాళ్లను పైకి మోసి కొండ నెత్తిన దాచుకున్నాం, కొండ ద్వీపమై మిగిలింది. సింగపూర్‌లో కొండే దిగివచ్చి నీళ్లలో కలిసింది. అందుకే అక్కడ కొండ ఎక్కేవారు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఇది ఎంత ఎత్తు’ అని కాదు, ‘ఇది ఎందుకు మిగిలింది’ అని.

ఫోర్ట్ క్యానింగ్ గుట్టను ఈ ప్రశ్నతోనే చూడాలి. ఎత్తు 50 మీటర్లు కూడా లేదు, నది నుంచి పది నిమిషాల నడక. మలయ్ భాషలో దాని పాత పేరు బుకిత్ లరంగాన్, అంటే ఎక్కకూడని కొండ. పూర్వపు రాజులు అక్కడ ఉండేవారనీ, వారి సమాధులు అక్కడే ఉన్నాయనీ నమ్మకం. బ్రిటిష్‌వారు వచ్చేనాటికి స్థానికులు దాని మీద అడుగు పెట్టడానికి జంకేవారు. ఆ భయమే దాదాపు నాలుగు శతాబ్దాలు ఆ గుట్టకు కాపలా కాసింది. 1822లో జాన్ క్రాఫర్డ్ అనే బ్రిటిష్ అధికారి దాన్ని చూసి ఇటుక కట్టడాల ఆనవాళ్లు, పాత పండ్లతోటలు, పెంకులు ఉన్నాయని రాసిపెట్టాడు. 1920లలో గుట్ట మీద మంచినీటి చెరువు కోసం తవ్వుతున్న కూలీలకు బంగారు నగలు దొరికాయి. వాటిలో ఒక దండకడియం మీద ఉన్న రాక్షసముఖం మన గుడి తోరణాల మీద కనిపించే కీర్తిముఖానికి దగ్గరి చుట్టం. జావాలో దాన్ని కాల అంటారు. ఆ పనితనం 14వ శతాబ్దపు తూర్పు జావాది. 1984లో జాన్ మిక్సిక్ అనే పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వకం మొదలుపెట్టాక చైనా పింగాణీ, గాజుపూసలు, మట్టిపాత్రలు ఒకే పొరలో బయటపడ్డాయి. ‘సింగపూర్ చరిత్ర 1819లో మొదలైంది’ అని పాఠ్యపుస్తకాలు చెప్పుకొచ్చిన మాటను మార్చింది ఈ గుట్ట మట్టే. గుట్ట మీద రాజు, గుట్ట కింద ఏరు, ఏటి నోట రేవు: ఇదీ ఆ ఊరి తొలి నక్ష. అయిదు వందల ఏళ్ల తర్వాత రాఫిల్స్ వచ్చి తన ఇల్లు కట్టుకున్నదీ ఆ గుట్ట మీదే, సరుకు దింపిందీ ఆ ఏటి ఒడ్డునే. ఇంద్రకీలాద్రి మీద నిలబడి కృష్ణను చూసినవారికి ఈ జంట ఎందుకు కుదురుతుందో వెంటనే తెలుస్తుంది. ఎత్తున్న చోటినుంచి వచ్చేపోయే పడవ కనిపిస్తుంది. పడవ కనిపిస్తే సుంకం వస్తుంది.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ‘అరకు, పాపికొండలు, నల్లమల చూసినవాళ్లం. 163 మీటర్లున్న బుకిత్ తిమా ఆ దేశానికి ఎత్తైన శిఖరమట. దాన్ని చూడటానికి విమానమెక్కాలా?’ ఎత్తు లెక్కలో ఈ మాటకు జవాబు లేదు. మన భువనగిరి కోట బండ కూడా సుమారు 500 అడుగులే, అంటే ఇంచుమించు అంతే. అయినా భువనగిరి ఎక్కినవారెవరూ దాని గొప్పను అడుగుల్లో చెప్పుకోరు. బుకిత్ తిమాకు అడవి ఉంది. 1854లో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఈ కొండ దగ్గరి ఫ్రెంచి మిషనరీ ఇంట మకాం పెట్టి, రెండు నెలల్లో సుమారు 700 రకాల పెంకు పురుగుల్ని పట్టాడు. జీవపరిణామం మీద డార్విన్‌తో సమానంగా ఆలోచించిన మనిషి తన ఎనిమిదేళ్ల తూర్పు ప్రయాణాన్ని మొదలుపెట్టింది ఈ గుట్ట నీడనే. మిరియాలు, గాంబియర్ తోటల కోసం చుట్టుపక్కల అడవి నరుకుతూ పోతుంటే పులులు మనుషుల మీద పడుతున్న కాలం అది. 1880ల నాటికి దీవిలో అడవి ఎంతగా తగ్గిపోయిందంటే, వలస ప్రభుత్వమే ఉలిక్కిపడి కొన్ని చోట్ల రక్షిత అడవులు ప్రకటించింది. వాటిలో బుకిత్ తిమా ఒకటి. దాని పక్కనున్న మధ్య అడవి మిగలడానికి కారణం ఇంకా సూటిగా ఉంటుంది. 1868లో కట్టిన చెరువుకు, ఇప్పటి మెక్‌రిచీకి, నీళ్లు రావాలంటే చెట్లుండాలి. అడవి మీద ప్రేమతో కాపాడలేదు, దాహం వేసి కాపాడారు. కారణం ఏదైనా ఆ చెట్లు ఉన్నాయి, ఇవాళ వాటి మధ్య 250 మీటర్ల వేలాడే వంతెన మీద జనం నడుస్తున్నారు. అన్నట్టు, తిమా అంటే మలయ్ భాషలో తగరం. ఆ కొండలో తగరం లేదు. తెమక్ అనే చెట్టు పేరే నోళ్లలో నలిగి తిమా అయిందని చెబుతారు.

కొండ, నీరు అనే ఈ లెక్క ఎంత బరువైనదో 1942 ఫిబ్రవరి చెప్పింది. జపాన్ సేన జొహోర్ జలసంధి దాటి వచ్చి, 11వ తేదీకల్లా బుకిత్ తిమాను పట్టింది. బ్రిటిష్‌వారి తిండి, పెట్రోలు, మందుగుండు నిల్వలు ఆ చుట్టుపక్కలే ఉండేవి. తర్వాత రెండు మూడు రోజుల్లో మంచినీటి చెరువుల అంచుకు వచ్చింది. బాంబులకు పగిలిన గొట్టాల్లోంచి ఊరి నీళ్లు మట్టిలోకి కారిపోతున్నాయి. 13, 14 తేదీల్లో దక్షిణపు గుట్టల వరుసలో, బుకిత్ చందు దగ్గర, లెఫ్టినెంట్ అద్నాన్ సైదీ నాయకత్వంలోని మలయ్ రెజిమెంట్ జట్టు చివరిదాకా పోరాడి నేలకొరిగింది. 15వ తేదీ ఉదయం బ్రిటిష్ సేనాధిపతి జనరల్ పెర్సివల్ తన అధికారుల్ని పిలిచి లొంగిపోవాలని నిర్ణయించింది ఫోర్ట్ క్యానింగ్ గుట్ట కడుపులోని నేలమాళిగలో. సంతకం పెట్టింది బుకిత్ తిమా రోడ్డు పక్కనున్న ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో. రాజులు కోట కట్టిన గుట్టలోనే ఓటమి ఖాయమైంది. నీళ్లు దాచిన కొండ పోయాక ఊరు నిలవలేకపోయింది. ఈ రెండు చోట్లూ, బుకిత్ చందూ, అన్నీ ఇవాళ నడిచి చూడగలిగినవే. పుస్తకంలో చదివితే ఇది తేదీల వరుస. ఫోర్డ్ ఫ్యాక్టరీ గుమ్మం నుంచి తలెత్తి బుకిత్ తిమాను చూస్తే మాత్రం, ఆ ఎత్తు ఎదుటివాడి చేతికి చిక్కాక కింద ఉన్నవాడి పరిస్థితి ఏమిటో ఎవరూ వివరించకుండానే తెలుస్తుంది. చారిత్రక స్థలానికి కాలినడకన వెళ్లాలని నేను పట్టుబట్టేది ఇందుకే. దూరం, ఏటవాలు, చూపు ఆనే మేర: వీటిని కాళ్లతోనే కొలవాలి.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. ‘అక్కడి ప్రకృతి అంతా తోటమాలి కత్తిరించి పెట్టినది, అక్కడి చరిత్ర అంతా బోర్డుల మీద రాసిపెట్టినది. శుభ్రం చేసిన నదిలో ప్రాణం ఉండదు.’ ఇందులో నిజం ఉంది, కాదనడం అన్యాయం. మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న సింగపూర్ నది 1970ల దాకా ఒక బతుకు. ఒకప్పుడు దాని మీద సరుకు పడవలు నడిపినవారిలో ఎక్కువమంది కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన చూలియాలు. తర్వాత ఆ పని చైనీయుల చేతికి వెళ్లింది. ఓడల నుంచి బియ్యం, రబ్బరు, మిరియాలు దింపుకుని బోట్ కీ గోదాముల దాకా వచ్చే పడవలు, వాటి మీద బతికే కూలీలు, ఒడ్డున తిండి అమ్మేవారు, వాటన్నిటి మురికి కలిసి నది నల్లగా కంపు కొట్టేది. 1977లో ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ల గడువు పెట్టారు. 1987 నాటికి ఏరు శుభ్రమైంది. దానితో పాటే శుభ్రం చేసిన కలాంగ్ నది పరీవాహకంలోని 610 పందుల పెంపకాలు, 500 బాతుల పెంపకాలు ఎత్తేశారు. దాదాపు 26,000 కుటుంబాలు ఇళ్లు మారాయి. వేలమంది వీధి వ్యాపారులు కప్పున్న తిండి కేంద్రాల్లోకి వెళ్లారు. 1983లో సుమారు 800 సరుకు పడవల్ని పసిర్ పంజాంగ్ వైపు పంపేశారు. అక్కడ అలలు పెద్దవి, పని తక్కువ. తండ్రి నుంచి కొడుక్కు వచ్చిన వృత్తి ఆ తరంతో ముగిసింది. ఇప్పుడు ఒడ్డున కంచు బొమ్మలున్నాయి. బండికి బస్తాలెత్తే కూలీలు, చెట్టియారు, నదిలోకి దూకబోతున్న పిల్లలు. బొమ్మలు బాగున్నాయి. కానీ నదిలోకి నిజంగా దూకే పిల్లలు లేరు.

ఈ నష్టాన్ని ఒప్పుకుంటూనే నేను అభ్యంతరానికి ఇలా జవాబిస్తాను. కంపు కొట్టే ఏటిని అలాగే ఉంచడం చరిత్రను కాపాడటం అవదు, ఆ కంపులో బతికినవారికి అది సుఖమూ కాదు. అసలు అడగాల్సింది శుభ్రం చేశాక ఒడ్డును ఎవరికి ఇచ్చారు అని. ఒడ్డు పొడవునా నడకదారి అందరికీ వదిలారు. టికెట్ లేదు, గేటు లేదు. బోట్ కీ దుకాణాల వరుసను పడగొట్టకుండా 1989లో పరిరక్షణ కిందికి తెచ్చారు. 1869 నాటి కేవనా వంతెన మీద ఇప్పటికీ మనుషులు నడుస్తారు, పశువులు, గుర్రాలు రాకూడదని రాసిన పాత పలక కూడా అక్కడే ఉంది. 2008లో మరీనా బ్యారేజ్ కట్టి సముద్రపు ఉప్పును ఆపాక ఆ ఏరు మంచినీటి జలాశయంలో భాగమైంది. బిషాన్ దగ్గర కలాంగ్ నదిని దశాబ్దాల కిందట కాంక్రీటు కాలువగా బిగించారు. 2012 నాటికి ఆ కాంక్రీటు తీసేసి, మూడు కిలోమీటర్ల మేర వంకలు తిరిగే ఏరుగా మళ్లీ వదిలారు. నీటికుక్కలు ఎవరూ పిలవకుండానే తిరిగొచ్చి ఆ ఒడ్డున పిల్లల్ని పెడుతున్నాయి. కత్తిరించి పెట్టిన ప్రకృతి అన్నమాట ఆ నీటికుక్కలకు వర్తించదు. మనిషి చెయ్యి పడిందా లేదా అన్నది కాదు కొలత. చెయ్యి తీశాక అక్కడ ఏం మొలిచింది అన్నది.

‘డబ్బున్న దేశం, ఏమైనా చేస్తుంది’ అనేది మూడో మాట. డబ్బు వంతెనలు కడుతుంది, నిజమే. దక్షిణపు గుట్టల్ని కలిపే పది కిలోమీటర్ల దారిలో హెండర్సన్ రోడ్డుకు 36 మీటర్ల పైన అలలా ఒంగిన వంతెన ఉంది, అది డబ్బు పనే. రైల్వే దారి సంగతి వేరు. తాంజోంగ్ పగార్ నుంచి వుడ్‌లాండ్స్ దాకా 24 కిలోమీటర్ల మలేసియా రైలు పట్టా 2011 జూన్ 30న ఆగింది. అంత విలువైన నేలను ముక్కలు చేసి అమ్మితే ఎంత వచ్చేదో ఊహించుకోవచ్చు. అంతకు ముందే, 2010లో, నేచర్ సొసైటీ ఆ పట్టా పొడవునా పచ్చదారిగా ఉంచాలని ప్రతిపాదన రాసిపెట్టింది. ప్రభుత్వం విన్నది. ఇవాళ ఆ దారిలో ఇనుప వంతెనలు, పాత బుకిత్ తిమా స్టేషన్ నిలిచి ఉన్నాయి. సైకిళ్లు, నడిచేవాళ్లు, పక్షులు తిరుగుతున్నాయి. ఇక్కడ జరిగిన పెద్ద పని కట్టకుండా ఉండటం. దానికి కావలసింది డబ్బు కన్నా ముందు ఒక కాగితం మీద వాదన, దాన్ని చదివే ఓపిక. అలాగని ప్రతిసారీ వాదన గెలిచిందని చెప్పను. 1986లో వేసిన ఎక్స్‌ప్రెస్ రోడ్డు బుకిత్ తిమా అడవిని మధ్య అడవి నుంచి కోసేసింది. ఆ గాయం మీద జంతువుల కోసం 62 మీటర్ల పచ్చ వంతెన వేయడానికి 2013 దాకా పట్టింది. బుకిత్ బ్రౌన్ శ్మశానపు గుట్టల మీదుగా రోడ్డు వద్దని చరిత్రకారులు, ప్రకృతి ప్రేమికులు గొంతు చించుకున్నా, దాదాపు నాలుగు వేల సమాధులు తవ్వి రోడ్డు వేశారు. కరీంనగర్ గ్రానైట్ గుట్టలు లారీలెక్కి వెళ్లిపోవడం చూస్తున్న మనకు ఈ రెండు రకాల కథలూ అవసరమే. బుకిత్ తిమా సైతం పక్కలు కొరికేసిన కొండ. హిండ్‌హీడ్ క్వారీ గోతిలో ఇప్పుడు నీళ్లు నిలిచి చెరువైంది, కోసిన బండ గోడ దాని వెనక నిటారుగా కనిపిస్తుంది. అందంగా ఉంటుంది గానీ, అది గాయమని తెలిసి చూడాలి.

ఈ నడకలో మనవారి చెమట కూడా ఉంది. దాని గురించి ప్యాకేజీ గైడ్లు ఒక్క ముక్క చెప్పరు. 1825లో సుమత్రాలోని బెంకూలెన్ నుంచి సింగపూర్‌లో దింపిన తొలి ఖైదీల్లోనే మద్రాసు ఖైదీలున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ అంటే అప్పట్లో గంజాం నుంచి నెల్లూరు దాకా తెలుగు జిల్లాలన్నీ కలిసినదే. 1873లో ఖైదీల స్థావరం ఎత్తేసేదాకా చిత్తడి పూడ్చిందీ, రోడ్లు వేసిందీ, పులుల్ని వేటాడటానికి అడవిలోకి వెళ్లిందీ ఈ ఖైదీ జట్లే. ఫోర్ట్ క్యానింగ్ కింద కాస్త దూరంలో ఉన్న సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్ కట్టింది వాళ్లే. దాని తెల్లటి గోడలకు పూసింది మద్రాసు సున్నం. సున్నంలో కోడిగుడ్ల తెల్లసొన, ముతక చక్కెర, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లు కలిపి నూరి, ఆరాక రాయితో మెరుగుపెట్టారు. మన పాత మిద్దె గచ్చు తెలిసినవారికి ఆ నునుపు కొత్త కాదు. మలయ్‌లో దక్షిణ భారతీయుల్ని పిలిచిన కెలింగ్ అనే పేరు కళింగం నుంచి పుట్టింది, కాలం గడిచేకొద్దీ చిన్నచూపు మాటగా మారింది. మన తీరం పేరు అక్కడ ముందు వర్తకుడికి, తర్వాత కూలీకి అంటుకుంది.

ఎండ, ఉక్కపోత, పిల్లలు, తక్కువ రోజులు: ఇవి వాదనలు కాదు గానీ నిజమైన ఇబ్బందులు. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ పైన ఉన్న ఊరు, మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడుతుంది. అందుకే బుకిత్ తిమా పొద్దున్నే ఎక్కాలి. బ్యూటీ వరల్డ్ స్టేషన్‌లో దిగితే కొండ మొదలు దగ్గరే. శిఖరం దాకా తారు దారే ఉంది, నిటారుగా ఉన్నా పొడవు తక్కువ, పదేళ్ల పిల్లలు ఎక్కేస్తారు. కోతులకు తిండి పెట్టకూడదు. దిగి ఫోర్డ్ ఫ్యాక్టరీ చూసి, సాయంత్రం ఎండ తగ్గాక ఫోర్ట్ క్యానింగ్‌కు వెళ్తే సరిపోతుంది. పొద్దు ఏడు గంటల దాకా ఉంటుంది. నది వైపునుంచి ఎక్కి, తవ్వకపు గొయ్యి, కోట గుమ్మం, నేలమాళిగ చూసి, రెండో వైపు స్టామ్‌ఫర్డ్ రోడ్డు మీదికి దిగాలి. పాత నగరపు మట్టిగోడ ఉండినది ఆ దారి వెంటే. దిగిన చోటే నేషనల్ మ్యూజియం ఉంటుంది. మూసేవేళకు ముందు చేరుకుంటే, నదీముఖాన పేల్చేసిన శాసనపు ముక్క అద్దాల వెనక కనిపిస్తుంది. అరిగిన అక్షరాల వరుసలు ఎడమ నుంచి మొదలై, మందుపాతర విరిచిన అంచు దగ్గర సగంలో ఆగిపోతాయి.